చలి నీళ్లకు ఏ ఎర? గాలం వేసేవారి ప్రశ్నలకు జవాబులు

ధనుర్మాసం పెట్టిన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతిని అడుగుతున్నాయి. ఆశ్వయుజంలో విసిరిన ప్రతిసారీ చేప అందుకున్న ల్యూర్‌ను, అంటే ఉత్తుత్తి ఎరను, ఇప్పుడు అదే రేవులో గంటల తరబడి వేసినా ఏదీ ముట్టుకోవడం లేదన్నది వాటి సారాంశం. కొన్నింటికి విపులంగా జవాబు చెప్పవలసి ఉంది కనుక ఈ సంచికను పూర్తిగా చలికాలపు ఎరలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మా అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ బాస్ అనే చేపను గాలంతో పట్టడం అతనికి సరదా. చలికాలంలో బాస్ కోసం వాడే ఎరల పెట్టె ఒకటి నాకు పంపించాడు. పండుగప్పను కూడా ఇంగ్లీషులో సీ బాస్ అనే అంటారు కాబట్టి అవి మా దగ్గరి గోదావరి పాయ వైనతేయలోనూ పనిచేస్తాయని అతని నమ్మకం. సంక్రాంతికి మనవడు వస్తున్నాడు. వాడితో కలిసి ఏటికి వెళ్లాలని ఉంది. పెట్టెలో ఉన్నవాటిలో వేటిని వాడాలి? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, మీ అల్లుడుగారి నమ్మకంలో సగం నిజం ఉంది, సగం పేరు తెచ్చిన పొరపాటు ఉంది. అమెరికాలో బాస్ అని పిలిచేది, ముఖ్యంగా పెద్దనోటి బాస్, అక్కడి చెరువుల్లోనూ నిదానంగా పారే నదుల్లోనూ పుట్టి పెరిగే మంచినీటి చేప. మన పండుగప్ప ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడే పోటుతో పాటు పాయల్లోకి, మురుగు కాలువల్లోకి ఎక్కివచ్చి, కొన్నేళ్లు అక్కడ పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటికి, దిగిపోయే చేప. మొదట మగదిగా ఎదిగి, బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారడం దీని విశేషం. రెండింటికీ బాస్ అనే మాట తగిలించారే తప్ప వీటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. అయితే వేటాడే తీరులో మాత్రం రెండూ ఒకే బడిలో చదువుకున్నట్టు ఉంటాయి. నీడ పట్టున, మొద్దు చాటున, రాతి పక్కన కదలకుండా కాచుకుని ఉండి, దగ్గరికి వచ్చిన చిన్న చేపను పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటాయి. అందువల్లనే బాస్ కోసం తయారైన ఎరల్లో చాలావాటిని పండుగప్ప కూడా అందుకుంటుంది.

తేడా అంతా చలి దగ్గరే వస్తుంది. చేప ఒంటి వేడి దాని చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టి ఉంటుంది కనుక, నీళ్లు చల్లబడేకొద్దీ దాని అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, ఒంట్లో చురుకు కూడా తగ్గుతుంది. డల్లాస్ చుట్టుపక్కల జలాశయాల్లో జనవరి నీళ్లు 10 డిగ్రీల దరిదాపులకు దిగడం మామూలే. ఆ నీటిలో బాస్ ఆహారాన్ని వెంటాడదు, కానీ మూతి ముందుకు వచ్చి నిలిచినదాన్ని మాత్రం అంత తేలికగా వదలదు. అక్కడివారు చలికాలానికి వేరే ఎరలు ఎంచుకోవడానికి మూలకారణం ఇదే. వేగంగా లాగితే తప్ప ఆడని ఎరను పక్కన పెట్టి, దాదాపు కదలకుండా ఉన్నా బతికున్నట్టు కనిపించే ఎరను తీసుకుంటారు. కోనసీమలో సంక్రాంతి ముందు తెల్లవారుజామున గాలి 20 డిగ్రీల దగ్గరికి దిగినా ఏటి నీళ్లు అంతకంటే కొంత వెచ్చగానే ఉంటాయి. ఆ వేడి బాస్‌కైతే హాయిగా తిరిగే వేడి. పండుగప్ప మాత్రం వెచ్చని నీళ్ల చేప. 26 నుంచి 30 డిగ్రీల మధ్య చురుకుగా తిని, నీళ్లు 20 డిగ్రీల వైపు జారేకొద్దీ మందకొడిగా మారిపోతుంది. అంటే డల్లాస్‌వారికి మన నీళ్లు చల్లనివి కాకపోయినా మన చేపకు చల్లనివే. కనుక మీ అల్లుడుగారి పెట్టె వెనక ఉన్న సూత్రాన్ని తీసుకుని, దానితో వచ్చిన లెక్కలను వదిలేయండి.

ఇక పెట్టె తెరవండి. మొదట చేతిలోకి తీసుకోవలసింది వేలెడు పొడవున సన్నని చేప ఆకారంలో ఉండి, మూతి కింద అద్దంలాంటి చిన్న నాలుక ఉన్న జెర్క్‌బైట్. దాని పొట్ట మీదనో డబ్బా మీదనో ఎఫ్, ఎస్, ఎస్‌పి అనే ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. మొదటి రకం లాగడం ఆపగానే పైకి తేలుతుంది, రెండోది మునిగిపోతుంది, మూడోది ఆపినచోటే నీటి మధ్య నిలిచిపోతుంది. చలికాలంలో నేను ముందుగా కట్టేది ఈ మూడో రకాన్నే. విసిరిన తరువాత రీల్ నాలుగైదు చుట్లు తిప్పి ఎరను లోతుకు దించి, రాడ్ కొసతో రెండుసార్లు చిన్నగా గుంజి వదిలేయాలి. దెబ్బతిన్న పరిగె, అంటే చిన్న చేప, అలిసిపోయి ఆగినట్టు అది అక్కడే ఆగుతుంది. గడ్డ కట్టే చలి ఉన్న చోట్ల పది, ఇరవై సెకన్ల దాకా ఆపుతారు. మన ఏటిలో అంతసేపు అక్కర్లేదు, మూడు నుంచి ఐదు సెకన్లు చాలు. చలి నీళ్లలో చేప తాకేది చాలాసార్లు గుంజినప్పుడు కాదు, ఆపినప్పుడే. కాబట్టి ఆ ఐదు సెకన్లూ తంగూసును, అంటే గాలం కట్టిన దారాన్ని, మరీ బిగించకుండా, మరీ జారవిడవకుండా, అది నీటిని తాకేచోట చూపు నిలిపి ఉంచాలి. మనవడికి ఈ ఆపడం నేర్పితే మిగిలినదంతా వాడే నేర్చుకుంటాడు.

రెండోది రబ్బరులా మెత్తగా ఉండే సాఫ్ట్ ప్లాస్టిక్ చేప. తోక చివర చిన్న తెడ్డులా ఉన్నదాన్ని ఎంచుకుని 7 నుంచి 14 గ్రాముల సీసపు తల ఉన్న గాలానికి గుచ్చండి. డబ్బా మీద బరువు ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు సుమారు 28 గ్రాములు కనుక పావు ఔన్సుదీ అర ఔన్సుదీ మీకు సరిపోతాయి. పోటు నిలిచిన వేళకు తేలికది, నీటి లాగుడు ఉన్నప్పుడు బరువైనది వాడాలి. తోకను వేలితో తట్టి చూడండి, అది వణకాలి. గట్టి రకం ప్లాస్టిక్ చల్లని నీటిలో ఇంకా బిగుసుకుని, నెమ్మదిగా లాగినప్పుడు తోక ఆడనే ఆడదు. మూడోది నాలుక లేకుండా చదునుగా ఉండే వైబ్రేషన్ ఎర. దాన్ని లాకుల కింది గుంటల్లోనో వంతెన స్తంభాల మొదట్లోనో అడుగుదాకా దించి, మూరెడు ఎత్తున లేపి, మళ్లీ దించుతూ ఉంటే సరిపోతుంది. నీటి మీద బుడబుడమని చప్పుడు చేసే పాపర్లు, ఒళ్లంతా విపరీతంగా ఊగే లావుపాటి క్రాంక్‌బైట్లు ఉంటే వాటిని ఫాల్గుణం దాకా పెట్టెలోనే ఉంచండి.

ఒక జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. బాస్ ఎరలకు ఉండే మూడు కొక్కేల గాలాలు, వాటిని పట్టి ఉంచే రింగులు సన్ననివి. పండుగప్ప ఒక్క విదిలింపుతో వాటిని సాగదీస్తుంది. వాటిని తీసి ఉప్పునీటికి పనికివచ్చే గట్టివి వేయించండి. పండుగప్ప చెంప రేకుల అంచు కత్తిలా ఉంటుంది. దానికి తగిలి తెగిన తంగూసు కొసను వెలుతురులో పట్టి చూస్తే బ్లేడుతో కోసినంత నున్నగా ఉంటుంది. అందుకని ఎరకు ముందు కనీసం అర మీటరు మందపాటి తంగూసు ముక్క కట్టాలి, పట్టిన చేపను చెంప కింద చేయి పెట్టి ఎత్తకూడదు.

వేళ సంగతి కూడా చెప్పాలి. వేసవిలో అలవాటైన తెల్లవారుజాము వేట ఇప్పుడు మానుకోండి. పదకొండు దాటి ఎండ బాగా కాచాక, మధ్యాహ్నం పాటు తీసే, అంటే పోటు తగ్గి నీళ్లు వెనక్కి మళ్లే, రోజును ఎంచుకోండి. పోటు సమయంలో ఒండ్రు మేట మీద పలచగా పరుచుకున్న నీళ్లు ఎండకు వెచ్చబడి, పాటు తీసేటప్పుడు చిన్న చిన్న కోడుల, అంటే సన్నని కాలువల, గుండా ఏటిలోకి దిగుతాయి. ఆ నీటితో పాటు రొయ్య పిల్లలు, పరిగెలు కూడా దిగుతాయి. ఆ కోడు నోట, వెచ్చని నీళ్లూ ఏటి నీళ్లూ కలిసే గీత పక్కన, గట్టు కోతకు అడ్డంగా పోసిన రాళ్ల నీడలో మీ ఎర ఆగాలి.

ప్రశ్న: నా దగ్గర నీటి మధ్య నిలిచే ఎర ఒకటి ఉంది. పాలకొల్లు దగ్గర మా పెదనాన్నగారి చెరువులో అది చక్కగా నిలిచింది. అంతర్వేది దగ్గర వాడితే మాత్రం ఆపిన ప్రతిసారీ నెమ్మదిగా పైకి తేలిపోతోంది. ఎర పాడైందా? (ఒక పాఠకుడు, నరసాపురం)

జవాబు: ఎర పాడుకాలేదు, నీళ్లు మారాయి. మంచినీటి కంటే సముద్రపు నీరు నూటికి రెండున్నర వంతుల మేర బరువైనది. మీ ఎర 15 గ్రాములు ఉంటే, మంచినీటిలో కచ్చితంగా నిలిచే ఆ ఎరను సముద్రపు నీరు దాదాపు 0.4 గ్రాము ఎక్కువ బలంతో పైకి నెడుతుంది. చూడడానికి అది చిటికెడు బరువే అయినా, పైకీ కిందికీ సరిసమానంగా తూచి చేసిన వస్తువుకు అది చాలు. నీళ్లు చల్లబడినా కొంత బరువెక్కుతాయి కానీ ఉప్పుతో పోలిస్తే ఆ తేడా స్వల్పం. పైగా వరదలు తీసి ధవళేశ్వరం నుంచి దిగువకు వదిలే నీళ్లు తగ్గాక, పోటుతో వచ్చే ఉప్పునీరు పాయల్లో ఇంకా పైకి ఎక్కివస్తుంది. భాద్రపదంలో తియ్యగా ఉన్న రేవు పుష్యమాసానికి ఉప్పగా మారుతుంది. అందుకే వానకాలంలో నిలిచిన ఎర అదే రేవులో చలికాలంలో తేలుతుంది.

దీన్ని ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. బకెట్‌లో 10 లీటర్ల మంచినీళ్లు పోసి ఎరను వేలితో ముంచి వదలండి, అది మధ్యలో నిలుస్తుంది. అదే నీటిలో 350 గ్రాముల కళ్లుప్పు పూర్తిగా కరిగించండి, అది ఇంచుమించు సముద్రపు నీరు అవుతుంది. మళ్లీ ఎరను ముంచి వదిలితే ఈసారి మూతి పైకెత్తి మెల్లగా తేలి వస్తుంది. మీరు వేట చేసే చోటు సగం ఉప్పన అయితే ఉప్పు కూడా సగమే వేయండి. ఇప్పుడు రేడియోలు బాగుచేసేవారు వాడే సన్నని సోల్డరింగ్ తీగను ముందు గాలం కాడకు రెండు మూడు చుట్లు బిగించి చుట్టి, మళ్లీ నీటిలో వదలండి. తేలితే ఇంకొక చుట్టు వేయండి, మునిగితే గోటితో కొంచెం తుంచండి. ఎర నిలిచినప్పుడు మూతి కాస్త కిందికి వాలి ఉంటే అది సరైన తూకం. చుట్టు వెనక గాలానికి వేస్తే తోక బరువెక్కి, గుంజినప్పుడు ఎర పక్కలకు దూకకుండా ఈడ్చుకుంటూ వస్తుంది కనుక ముందు గాలానికే వేయాలి. మీరు చెరువుకు వెళ్లిన రోజున తీగ విప్పేయడం మరిచిపోకండి.

ప్రశ్న: కొర్రమీను కోసం రబ్బరు కప్పను వాడుతున్నాను. వానకాలంలో గుర్రపుడెక్క మీదుగా లాగితే నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి పట్టేది. నెల రోజులుగా ఒక్క దెబ్బ కూడా లేదు. కప్ప రంగు మార్చాలా? (ఒక పాఠకుడు, ఆకివీడు)

జవాబు: రంగు మార్చవలసిన పని లేదు, కప్పనే మార్చాలి. కొర్రమీను గాలి పీల్చే చేప కనుక ఏ కాలంలోనైనా పైకి రాక తప్పదు. అయితే నీళ్లు చల్లబడినప్పుడు దాని ఒంటికి కావలసిన గాలి కూడా తగ్గి, పైకి వచ్చే మధ్యకాలం పెరుగుతుంది. మిగిలిన సమయమంతా గుర్రపుడెక్క వేళ్ల కింద, కిక్కిస మొదళ్లలో, మెత్తని బురదకు ఆనుకుని పడి ఉంటుంది. పైన గంతులు వేసుకుంటూ పోయే కప్పను అది చూసినా లేచి వెంటాడదు. అందువల్ల ఎరనే దాని దగ్గరికి దించాలి.

వేలెడు పొడవున్న మెత్తని ప్లాస్టిక్ చేపను గాని, వానపామును పోలిన ప్లాస్టిక్ ఎరను గాని తీసుకుని, గాలం మొనను దాని ఒంట్లోనే దాచి గుచ్చండి. అలా అయితే నాచుకు తగులుకోదు. సీసం చాలా తక్కువగా ఉండాలి, లేకపోతే అసలు వద్దు. డెక్క మధ్య కనిపించే గిన్నెడు ఖాళీలో దాన్ని వదిలి, తనంతట తాను మునగనివ్వండి. పడేటప్పుడే తగిలే అవకాశం ఎక్కువ. తగలకపోతే ఒక్కసారి కదిలించి ఇరవై లెక్కపెట్టి తీసేయండి, అదే చోట మరో రెండుసార్లు వేయండి. వానకాలంలో వంద గజాలు నడిచి పట్టినంత చేపను ఇప్పుడు పది గజాల్లోనే ఓపిగ్గా వెతకాలి. గాలి లేని మధ్యాహ్నం, ఎండ తగిలే లోతు తక్కువ అంచున, కప్పకు కూడా ఒక గంట మంచి కాలం దొరుకుతుంది. అప్పుడు దాన్ని లాగకండి, ఖాళీలో ఆపి కాళ్లు మాత్రమే కదిలేలా తంగూసును తాకుతూ ఉండండి. మీ ఊరి పక్కన ఉన్న కొల్లేరులో చాలా భాగం 1999 నుంచి అభయారణ్యం, కోరంగి మడ అడవులు 1978 నుంచే అభయారణ్యం. ఆ హద్దుల దగ్గర గాలం వేయాలనుకునేవారు ముందుగా అటవీశాఖవారిని అడిగి తీరాలి.

ప్రశ్న: చెరువులో బొచ్చెలు మధ్యాహ్నం పూట పైకి వచ్చి తిరుగుతున్నాయి. ఎన్ని రకాల ల్యూర్లు వేసినా మూతి పెట్టడం లేదు. చలివల్లనేనా? (ఒక పాఠకుడు, రావులపాలెం)

జవాబు: చలికీ దీనికీ సంబంధం లేదు. బొచ్చె నీటిలో కంటికి కనిపించనంత సన్నని జీవులను మొప్పలతో వడకట్టుకుని తినే చేప, ఇంకొక చేపను వేటాడేది కాదు. వేసవిలో కూడా అది ల్యూర్‌ను పట్టదు. తవుడు, చెక్క కలిపిన పిండి ముద్దతోనే దాన్ని పట్టాలి.

ప్రశ్న: ఆగస్టులో ఎర్రగా పారిన గోదావరి ఇప్పుడు అడుగు కనిపించేంత తేటగా ఉంది. అప్పుడు వాడిన నారింజ రంగు, మిరపపండు రంగు ఎరలు ఇప్పుడు వాడవచ్చా? లోపల గుండ్లు గలగలలాడే ఎరలు మంచివా, చప్పుడు లేనివి మంచివా? (ఒక పాఠకుడు, ఆలమూరు)

జవాబు: వరద నీటిలో చేప ఎరను కంటితో కంటే దాని కదలికకు నీటిలో పుట్టే అదురుతోనూ చప్పుడుతోనూ కనిపెడుతుంది. అందుకే అప్పుడు ముదురు రంగులు, గలగలలాడే గుండ్లు పనికివచ్చాయి. ఇప్పుడు అది చూసి, ఆలోచించి మరీ తింటుంది. చలివల్ల ఆకలి తక్కువగా ఉన్న చేపకు తొందర లేదు కనుక ఆగిన ఎరను పరీక్షగా చూసేంత తీరిక ఉంటుంది. వెన్ను కాస్త నల్లగా, పక్కలు వెండిలా, పొట్ట తెల్లగా ఉండి మీ రేవులో తిరిగే పరిగెను పోలిన ఎరను ఎంచుకోండి. మామూలుగా వాడేదాని కంటే ఒక అంగుళం చిన్నది తీసుకోండి. చప్పుడు చేయనిది దొరికితే మరీ మంచిది. ఎరుపు విషయంలో ఒక మాట. నీటి లోతుకు వెళ్లేకొద్దీ అన్ని రంగుల కంటే ముందు మాసిపోయేది ఎరుపే. లోతుగా దించే ఎరకు ఎరుపు ఉన్నా లేకపోయినా ఒకటే.

రంగు కంటే నేను ఎక్కువ పట్టించుకునేది తంగూసును. అల్లిన దారాన్ని నేరుగా ఎరకు కడితే తేట నీటిలో అది చేపకు స్పష్టంగా కనిపిస్తుంది, పైగా తేలుతుంది కనుక నెమ్మదిగా దిగవలసిన ఎరను పైకి లాగుతుంది. చివర రెండు మీటర్లు ఫ్లోరోకార్బన్ అనే రకం తంగూసు ముక్క కట్టండి. అది నీటిలో తక్కువగా కనిపిస్తుంది, తనంతట తాను మునుగుతుంది. నీటి మీద తేలే ఎరకు మాత్రం అదే గుణం దోషమవుతుంది కనుక అప్పుడు మామూలు నైలాన్ తంగూసు వాడాలి. సాయంత్రం పొద్దు వాలి మంచు దిగుతున్న వేళ తేట నీటిలోనైనా వెలుతురు తగ్గుతుంది కనుక ఆ అరగంట నలుపు రంగు ఎర వేసి చూడండి. ఆకాశం వైపు చూసే చేపకు నలుపు గీత గీసినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: మాకు రెండెకరాల చెరువు ఖాళీగా ఉంది. రొయ్యలు వేయడం మానేశాం. బాస్ చేప పిల్లలను తెప్పించి వేస్తే, గాలం వేసే సరదా ఉన్నవారు డబ్బిచ్చి వస్తారని మా తమ్ముడు అంటున్నాడు. పిల్లలు ఎక్కడ దొరుకుతాయి? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: మీ తమ్ముడి ఆలోచనలో గాలపు చెరువు భాగం బాగుంది, బాస్ భాగం వద్దే వద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. జపాన్‌లో 1925లో హకోనే దగ్గరి ఆషి సరస్సులో బాస్ పిల్లలను వదిలారు. అక్కడి నుంచి అవి సరస్సు తరువాత సరస్సుకు పాకి, స్థానికమైన చిన్న చేపలను తినేస్తూ పోయాయి. చివరకు 2005లో ఆ దేశం ప్రాణంతో ఉన్న బాస్‌ను పెంచడాన్నీ, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడాన్నీ చట్టం ద్వారా నిషేధించింది. ప్రపంచంలో గాలానికి దొరికిన అతి పెద్ద పెద్దనోటి బాస్‌లలో ఒకటి 2009లో ఆ దేశపు బివా సరస్సులోనే దొరికింది. 1932లో అమెరికాలోని జార్జియాలో నమోదైన రికార్డుతో అది సమానంగా నిలిచింది. పది కిలోలు దాటిన ఆ చేప అంత పెరగడానికి ఏమేమి తిని ఉంటుందో ఆలోచించండి.

డెల్టాలో గట్టు తెగని చెరువు ఉండదు. ఒక్క తుపానుకు మీ చెరువు, మురుగు కాలువ, ఉప్పుటేరు ఒకటవుతాయి. బయటి దేశాల నుంచి వచ్చిపడిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి, గట్టి పెంకుతో వలలను చింపే డెవిల్ ఫిష్ సంగతి మీ ప్రాంతంవారికి నేను చెప్పనక్కర్లేదు. పండుగప్ప ఉండగా బాస్ ఎందుకు? చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరాల సంస్థ, సిబా, 1997లోనే పండుగప్పను హేచరీలో పుట్టించే పద్ధతిని సాధించింది. పిల్లలను ఒకే సైజువి ఏరి వేయాలి, లేకపోతే పెద్దవి చిన్నవాటిని మింగుతాయి. ఒక మూలన నీటిని లోతుగా ఉంచితే చలి రాత్రుల్లో చేపలు అక్కడ చేరతాయి, మీ దగ్గరికి గాలం వేయడానికి వచ్చేవారికి ఏ ఎరను ఎక్కడ వేయాలో అప్పుడు మీరే చెప్పగలుగుతారు.

ప్రశ్న: ఒకే పెట్టెలో పెట్టిన మెత్తని ఎరలు ఒకదానికొకటి అతుక్కుని జిగురుగా మారాయి. పక్కనున్న గట్టి ఎరల రంగు కూడా ఊడింది. నాసిరకం సరుకా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: కాకపోవచ్చు. మెత్తని ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి ద్రవం పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ను, రంగును కరిగిస్తుంది. వేర్వేరు రకాల మెత్తని ఎరలను కూడా కలిపి ఉంచకూడదు. వాటిని కొన్న కవర్లలోనే ఉంచండి. ఉప్పునీటి నుంచి ఇంటికి రాగానే గట్టి ఎరలను మంచినీటిలో ముంచి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టెలో సర్దండి. తడితో మూత పెట్టిన పెట్టెలో గాలాలు వారం తిరక్కుండా తుప్పు పడతాయి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న, చిన్నాన్న చేపల వేటకు వెళతారు. ల్యూర్లు చాలా ఖరీదు. ఇంట్లో తయారు చేసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, యానాం)

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు తల్లీ. ఇవాళ ప్రపంచమంతటా అమ్ముడవుతున్న ఎరల్లో ఒకటి అలాగే పుట్టింది. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి, చిన్న చేపల గుంపులో వంకరగా ఈదుతున్న దెబ్బతిన్న చేపనే పెద్ద చేప ఎంచుకుని తినడం గమనించాడు. 1936లో ఆయన బెరడు ముక్కను చేపలా చెక్కి, చాక్లెట్ చుట్టిన వెండి కాగితం అతికించి, ఫొటో నెగెటివ్‌లను కరిగించి పైపూతగా పూశాడు. ఆయన దగ్గర ఉన్న సామాను అంతే.

నీకు కావలసింది తేలికైన చెక్క. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి ముక్క దొరికితే అంతకంటే మంచిది లేదు. నీ మధ్యవేలంత పొడవున, నడుమ కాస్త లావుగా, రెండు కొసలూ సన్నగా చెక్కి గరుకు కాగితంతో నున్నగా రుద్దు. పొట్ట వెంబడి సన్నని రంపంతో గాడి తీసి, మూతి నుంచి తోక దాకా ఒకే స్టీలు తీగను అందులో దించు. తీగ ముందు కొసన, నడుమ, వెనక కొసన చిన్న ఉంగరాలు రావాలి. ఒకే తీగ ఎందుకంటే, చెక్క పగిలినా చేప తప్పిపోకూడదు. నడుమ ఉంగరానికి ముందు చిన్న సీసం ముక్క పెట్టి, గాడిని ఎపాక్సీ జిగురుతో పూడ్చు. మూతి కింద ఏటవాలుగా ఇంకొక గాడి తీసి, పాత సీడీ నుంచి కత్తిరించిన గోరంత నాలుకను అందులో అతికించు. ఇప్పటి చలికి ఆ నాలుక సన్నగా, చిన్నదిగా ఉండాలి. వెడల్పు నాలుక ఎరను ఎక్కువగా ఊపుతుంది, అది వేసవికి పనికివస్తుంది. కత్తిపని, జిగురుపని నాన్న పక్కన ఉన్నప్పుడే చెయ్యి.

రంగు వేయక ముందే నీటిలో వేసి చూడాలి. రేవు మెట్ల మీద నిలబడి మూరెడు తంగూసు కట్టి నెమ్మదిగా లాగు. చాలా నెమ్మదిగా లాగినా ఒళ్లు అటూ ఇటూ సన్నగా వణుకుతూ రావాలి. పక్కకు ఒరిగిపోతే సీసం నడుమకు రాలేదని అర్థం. నిటారుగానే ఉండి ఎడమకు పోతుంటే మూతి దగ్గరి ఉంగరాన్ని ముక్కు పటకారుతో వెంట్రుకవాసి కుడికి వంచు. కుడికి పోతుంటే ఎడమకు వంచు. ఒక్కసారిగా ఎక్కువ వంచకుండా, వంచిన ప్రతిసారీ మళ్లీ నీటిలో లాగి చూడు.